పాకాల గుట్టలు చెప్పే పాత కథ



పప్పు గాలించడం మనందరికీ అలవాటైన పనే కదా! గిన్నెలో నీళ్ళు పోసి తిప్పితే బరువైన రాళ్ళు ముందు అడుక్కి దిగిపోతాయి. సన్నని మడ్డి మాత్రం చివరిదాకా నీళ్ళలో తేలుతూనే ఉంటుంది. మన వరంగల్లుకి తూర్పున, నేటి పాకాల, ములుగు ప్రాంతాల్లో, ఒకప్పుడు నదులూ సముద్రమూ కలిసి సరిగ్గా ఈ పనే చేశాయి. గులకరాళ్ళు ముందు దిగాయి, ఇసుక కాస్త దూరం పోయి పరుచుకుంది, మెత్తని బురద నిలకడ నీళ్ళలో పేరుకుంది.

ఇదెప్పటి మాటనుకున్నారు? ఇంచుమించు 160 కోట్ల ఏళ్ళ క్రిందటిది! అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, నీటిలో చేపా లేదు. ఉన్నవల్లా సూక్ష్మజీవులే. పొరమీద పొర పడి, పైబరువుకి క్రిందివి బిగిసి, ఇసుక ఇసుకరాయి అయింది. బురదేమో పలకలుగా విడిపోయే రాయిగా మారింది. సున్నపు మడ్డి సున్నపురాయి అయింది.

హనుమకొండలో మనం రోజూ చూసే గుట్టలు ఇలాంటివి కావు. అవి గ్రానైటువి. కరిగిన రాయి భూగర్భంలో మెల్లగా చల్లారి గట్టిపడితే గ్రానైటు అవుతుంది. అందుకే దానిలో ఇలా పొరలుండవు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ గ్రానైటు మీదనే పాకాల పొరలు పరుచుకున్నాయి. అంటే రెండింటి మధ్యా 90 కోట్ల ఏళ్ళ కథ కనిపించదన్నమాట. పుస్తకం మధ్యలో కాగితాలు చిరిగిపోయినట్లే!

1881లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోదావరి లోయ మీద రాసిన గ్రంథంలో ఈ రాళ్ళను పాకాల పేరుతోనే వర్ణించాడు. ఇప్పటికీ శాస్త్రగ్రంథాల్లో ఆ పేరే. వాటిలోని భాగాలకి మల్లంపల్లి, ములుగు పేర్లున్నాయి. గులకరాళ్ళు కూడిన ఒక పొరకైతే జాకారం ఊరి పేరే పెట్టారు.

ఈ రాళ్ళ గొడవ మనకెందుకంటారా? మన కంచంలో అన్నానికీ వీటికీ సంబంధం ఉందండీ. భూమి ఒత్తిడికి ఈ పొరలు ఒరిగాయి. మెత్తనివి వానకీ గాలికీ అరిగిపోతే, గట్టిపడిన ఇసుకరాళ్ళు గుట్టల వరసలుగా నిలిచాయి. పదమూడవ శతాబ్దంలో కాకతీయులు ఆ గుట్టల మధ్య సందుకి అడ్డంగా కట్ట వేసి వాగును ఆపారు. అదే పాకాల చెరువు. రెండు ప్రక్కలా గోడలు ప్రకృతే కట్టిపెట్టింది, మనవాళ్ళు కట్టింది నడిమి గోడే! ఆ నీళ్ళతో నర్సంపేట వైపు పొలాల్లో వరి పండుతోంది.

ఈసారి పిల్లలతో అటు వెళ్ళినప్పుడు, దారి కోసం గుట్ట తొలిచినచోట కాసేపు ఆగి చూడండి. ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు కనిపిస్తే లెక్కపెట్టించండి. కంకర కోసం గుట్టను పిండి చెయ్యడం ఎంతసేపు? చెరువు కట్ట తెగితే మళ్ళీ పోసుకోవచ్చు. గుట్ట పోతే మాత్రం మళ్ళీ కట్టుకోలేం. ఈ మాట పిల్లలకి మనమే చెప్పాలి. ఉంటానండీ.