పాత కారు గేర్‌బాక్సు మాటిమాటికీ ఏల చెడిపోవును?

దొరవారిసత్రం గ్రామము మదరాసు–కలకత్తా రహదారిపై నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ ఉన్నది. నాటి బాటసారికి సత్రము ఎంత అవసరమో, మోటారు వాహనములు వచ్చిన పిమ్మట మరమ్మతు షెడ్డు అంత అవసరమైనది. (ఈ 'మరమ్మతు' అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా తెలుగింట స్థిరపడిన మాట.) అట్టి ఒక షెడ్డులో మేము చూచిన పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారే ఈ వ్యాసమునకు కారణము. దాని గేర్‌బాక్సును మూడు పర్యాయములు విప్పి, మూడు పర్యాయములును కొత్త బేరింగులు వేసిరి. ప్రతిసారియు కొలది మాసములకే రొద మొదలైనది. యజమాని దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయుటకు సిద్ధపడెను.

హెరాల్డ్ కారు 1959లో ఇంగ్లండున ట్రయంఫ్ పేరిట వెలువడినది. మదరాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి దీనిని మన దేశములో తయారుచేసినది. 1988లో ఆ సంస్థలో కార్ల ఉత్పత్తి ఆగిపోయినందున విడిభాగములు నేడు సులభముగా దొరకవు. అయితే ఈ గేర్‌బాక్సు కథ ఇంకను పాతది. దీని మూలరూపము 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్ కారులోని 803 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనుకై ఏర్పడినది. అదే వంశపు గేర్‌బాక్సును 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారునకును, 1966లో 1998 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల జీటీ6 కారునకును అమర్చిరి. లోపల మార్పులు చేసిరి గాని, మోయవలసిన బలము పెరిగినంతగా పెట్టె పెరుగలేదు. జీటీ6 యజమానులు గేర్‌బాక్సు గురించి మొరపెట్టుకొనుటలో వింత లేదు.

ఇక లోపల ఏమి జరుగుచున్నదో చూతము. ఇంజను బలము మొదట క్రింది వరుసలోని లే గేరు సమూహమునకు చేరి, అక్కడినుండి పై వరుసలోని మెయిన్ షాఫ్టునకు వచ్చును. నాలుగవ గేరులో మాత్రము బలము సూటిగా పోవును. అప్పుడు లే గేరు ఊరక తిరుగుచుండును. తక్కిన గేర్లలో పళ్లు ఒకదానినొకటి త్రోయుటయే కాక, రెండు ఇరుసులను ఎడముగా నెట్టుచుండును. ఈ నెట్టుడును భరించునవి సన్నని నీడిల్ రోలర్లు. అవి దొర్లునది లే షాఫ్టు పైననే. ఈ షాఫ్టు తిరుగదు. అందుచేత భారము ఎల్లప్పుడు దాని ఒకే ప్రక్కన పడుచుండును. లక్షలాది పర్యాయములు ఆ చోటనే నలిగి, గట్టి పైపొర పెచ్చులుగా లేచును.

రోలర్ బేరింగుల విషయములో ఒక లెక్క గమనింపదగినది. భారము రెట్టింపైనచో ఆయుష్షు సగము కాదు, సుమారు పదవ వంతునకు పడిపోవును. బలమైన ఇంజను చిన్న పెట్టెను ఏల తినివేయునో దీనివలన తెలియును.

మన హెరాల్డునకు పెద్ద ఇంజను లేదు. దాని జబ్బు వేరు. మేస్త్రి ప్రతిసారియు కొత్త రోలర్లు వేసి, పాత షాఫ్టునే బిగించినాడు. షాఫ్టును చేతబట్టి గోటితో రాచి చూచితిమి. ఒక ప్రక్క గుంటలు తగిలినవి. ఆ గుంటలపై కొత్త రోలర్లు ఎన్నాళ్లు నిలుచును? రాలిన ఉక్కుపొడి నూనెలో కలిసి తక్కిన బేరింగులను కూడ చెరచును. ఇరుసు వదులైన కొలది పళ్లు అంచులమీదనే తాకి విరుగును, గేరు తనంత తానే జారిపోవును. మేస్త్రిని నిందించుటకు మాకు మనసొప్పదు. అసలు షాఫ్టు ఎక్కడ దొరుకును?

దొరకనిచో చేయించుకొనవలెను. మంచి మిశ్రమ ఉక్కును లేతుపై తీసి, పైపొరను మాత్రమే గట్టిపరచి, గ్రైండింగుతో సరియైన కొలతకు తేవలెను. లోపలి భాగము కూడ అంతే గట్టిపడినచో అది పెళుసై విరుగును. లే గేరు లోపలి రంధ్రమునందు కూడ గుంటలున్నచో షాఫ్టు ఒక్కటి మార్చి లాభము లేదు. త్రస్ట్ వాషర్లను మార్చి, ముందువెనుకల ఆటను ఫీలర్ గేజితో కొలువవలెను. పందెపు కార్లవారు నిటారు పళ్ల చక్రములు వాడుదురు. ఏటవాలు పళ్లవలె అవి ఇరుసు పొడవునా నెట్టవు. కాని వాటి రొద భరింపరానిది, మన రోడ్డు కారునకు అక్కరలేదు.

నూనె విషయమున ఒక హెచ్చరిక. జీఎల్-5 తరగతి నూనెలలో కొన్నింటియందలి గంధక ద్రవ్యములు ఇత్తడి సింక్రో రింగులను తినివేయును. ఈ పెట్టెకు జీఎల్-4 మేలు. చెడిపోయిన కారును న్యూట్రల్‌లో ఉంచి దూరము లాగించుటయు మంచిది కాదు. అప్పుడు మెయిన్ షాఫ్టు తిరుగును గాని, నూనెను చిమ్మవలసిన లే గేరు కదలదు. గేరు కడ్డీపై చేయి ఆనించి నడపుట మన డ్రైవర్లకు అలవాటు. ఆ కొద్ది బరువే లోపలి ఫోర్కును అరగదీయును.

నాలుగవసారి కొత్త షాఫ్టుతో పెట్టెను బిగించిరి. ఐదు వందల కిలోమీటర్లు నడిపిన పిమ్మట నూనె దింపి, అయస్కాంతముతో వెదకితిమి. సన్నని నలుసు కొంత వచ్చినది, కొత్త భాగములు ఒరసికొనుటవలన అది సహజమే. ఉక్కు పెచ్చు ఒక్కటియు రాలేదు.