అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టాలి?

దయ్యాల సినిమా అంటే మనకొక లెక్కుంది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, కిర్రుమనే తలుపు, ఆ వెంటనే చెవులు చిల్లులు పడే మోత! అందులో భయం తక్కువ, ఉలికిపాటు ఎక్కువ. అలా కాకుండా, చలి మెల్లగా ఒంట్లోకి పాకినట్టు భయపెట్టిన సినిమాలు తెలుగులో తక్కువే. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ అలాంటిది. అందులో రేవతి అచ్చం మన పక్కింటమ్మాయిలా ఉంటుంది. ఆ మామూలుతనమే చూసేవాళ్లను వణికించింది.

సరిగ్గా ముప్పై ఏళ్లకు, 2022 నవంబరు 18న, ‘మసూద’ వచ్చింది. దర్శకుడు సాయికిరణ్, నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. పేరున్న హీరో లేడు. అయినా నోటిమాట మీదే జనంలోకి వెళ్లింది. హాల్లో చూడనివాళ్లు ఆ డిసెంబరులో ‘ఆహా’లో వచ్చాక ఇంట్లోనే చూసుకున్నారు.

లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ, మొగల్‌పురా... పాతబస్తీలోని ఈ నాలుగు పేటల్లో నాకు పరిచయమున్న పదిమంది ఆడవాళ్లను ఈ సినిమా గురించి కదిపాను. హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. చిత్రమేమిటంటే, పదిమందిలో ఒక్కరు కూడా దయ్యంతో మాట మొదలుపెట్టలేదు!

భయం ఎక్కడ మొదలైంది?

చూడనివాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో. నీలం (సంగీత) బడిలో టీచరు. ప్రేమించి పెళ్లి చేసుకున్న అబ్దుల్ హింస భరించలేక విడిగా వచ్చేసి, కూతురు నాజియా (బాంధవి శ్రీధర్)తో అపార్టుమెంటులో ఉంటుంది. పక్క ఫ్లాటులో గోపి (తిరువీర్) అనే పిరికి కుర్రాడు. ఉన్నట్టుండి నాజియా తీరు మారిపోతుంది. మాట వేరు, చూపు వేరు, బలం వేరు. నీలానికి అమ్మానాన్నల అండ లేదు, మొగుడు లేడు. వెళ్లి గోపి తలుపు కొడుతుంది. తరవాత ఏమైందో నేను చెప్పను, చూడండి.

గౌలిపురాలో బట్టలు కుట్టే ఒకావిడకు ఇంటరు చదివే కూతురుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఆమె మాట ఇది: ‘‘దయ్యం సంగతి పక్కనబెట్టక్కా. ఆమె ఆ తలుపు కొట్టంగనే నా గుండె జారింది. రాత్రి పన్నెండింటికి మా పిల్లకేమన్న అయితే నేనెవరి తలుపు కొట్టాలె?’’

లాల్‌దర్వాజాలో కోడళ్లున్న ఒక పెద్దావిడ ఇదే సంగతి ఇంకో వైపు నుంచి అంది. ‘‘పిల్లోడు మంచోడే. సాయం చేసిండు. గని మొగుడు లేని ఇంట్ల అర్ధరాత్రి మొగపిల్లగాడు కనబడితే మా గల్లీల ఊకుంటరా బిడ్డా? దయ్యం పోయినా ఆ మాట పోదు.’’

ఈ రెండు మాటలూ నాకు సినిమాలోని ఏ ఘట్టం కంటే తక్కువ భయం కలిగించలేదు. సాయం అడగడానికి మనిషి లేకపోవడం ఒక భయం. మనిషి ఉన్నా అడగనివ్వని లోకం ఇంకో భయం. ఆ రెంటినీ నీలం ముఖంలో సంగీత చూపించిందని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. అరవదు, ఏడ్చి గోల చేయదు. తెల్లారితే బడికి పోవాలన్న అలసట మాత్రం కనిపిస్తూ ఉంటుంది.

రక్తం పెరిగితే భయం తగ్గింది!

శాలిబండలో డిగ్రీ చదివే అమ్మాయి తీర్పు ఖచ్చితంగా ఉంది. ‘‘మొదటి సగం చూస్తుంటే నీళ్లు తాగడానికి వంటింట్లోకి ఒక్కదాన్నే పోలేకపోయాను. రెండో సగంలో కత్తులూ, రక్తం వచ్చాక హాయిగా చూశాను’’ అంది నవ్వుతూ.

ఇందులో నిజముంది. నగేష్ బానెల్ కెమెరా మొదట్లో దయ్యాన్ని పట్టి చూపించదు. గది చూపిస్తుంది, గదిలో చీకటి మూల చూపిస్తుంది, ఆ మూలలో ఏముందో మనల్నే ఊహించుకోమంటుంది. ప్రశాంత్ ఆర్. విహారి సంగీతం కూడా చాలాచోట్ల ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది. చివరికొచ్చేసరికి సినిమా ఆ నిగ్రహం వదిలేసింది. రెండున్నర గంటలు దాటిన నిడివి కూడా ఎక్కువే అని ముగ్గురు నలుగురు అన్నారు. ‘‘వంటా వార్పూ ఉన్నవాళ్లం, మూడు విడతలుగా చూశాం’’ అన్నారు.

బురఖా చేసిన పాపమేమిటి?

మొగల్‌పురాలో రిటైరైన ఉర్దూ మీడియం టీచరమ్మ ఉన్నారు. ఆమెను అందరం ఆపా అనే పిలుస్తాం. సినిమా బాగుందంటూనే ఒక ప్రశ్న వేశారు. ‘‘బుర్ఖే కూ కైకూ బద్‌నాం కరే మా?’’ బురఖాకెందుకు చెడ్డపేరు తెచ్చారని!

సినిమాలో భయపెట్టే ఆకారం నల్ల బురఖాలో వస్తుంది. ‘‘నేనది వేసుకుని కూరగాయలకు పోతాను, బ్యాంకుకు పోతాను. నలభై ఏళ్లు అది వేసుకునే బడికెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ సినిమా చూసిన పిల్ల రేపు చీకట్లో నన్ను చూసి జడుసుకుంటే?’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తెల్లచీర కట్టుకున్న విధవలను దయ్యాలను చేసిన సినిమాల మీద కూడా మనం ఇదే ప్రశ్న వేసి ఉండాల్సింది.

ఆపా అంతటితో ఆగలేదు. కాపాడటానికి వచ్చే పీర్‌బాబా (శుభలేఖ సుధాకర్) కూడా ముస్లిమే కదా అని తనే గుర్తుచేశారు. తెలుగు సినిమాలో ముస్లిం పేర్లున్న మనుషులు కామెడీకో, బాంబులకో కాకుండా ఇంట్లో మనుషుల్లా కనిపించడం తనకు నచ్చిందన్నారు.

బాబా దగ్గరికా? డాక్టరు దగ్గరికా?

మా పేటల్లో ‘గాలి సోకింది’ అన్నా, ‘అసర్ హోగయా’ అన్నా అర్థం ఒక్కటే. అమ్మవారి గుడిలో కుంకుమ తెచ్చుకున్న చేత్తోనే దర్గాలో తాయెత్తు కట్టించుకునేవాళ్లు బోలెడుమంది. వాళ్ల నమ్మకాన్ని నేను వెక్కిరించను. కానీ సినిమాలో దయ్యం నిజం. మన ఇంట్లో పిల్ల తీరు మారితే? అక్కడే ఆలోచించాలి.

మూర్ఛ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటాం. కొన్ని రకాల మూర్ఛల్లో పిల్ల శూన్యంలోకి చూస్తుంది, పొంతనలేని మాటలంటుంది, తరవాత ఏమీ గుర్తుండదు. మెదడువాపు వస్తే కొద్దిరోజుల్లోనే మనిషి మాటా తీరూ మారిపోవచ్చు. పైకి చెప్పుకోలేని బాధ, ఎవరి వల్లో జరిగిన అఘాయిత్యం కూడా పిల్లచేత వేరే మనిషిలా మాట్లాడించవచ్చు. వీటన్నిటికీ వైద్యం ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ నష్టమూ ఉంది. కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, తిండి మాన్పించడం వైద్యం కాదు, హింస.

‘‘మరి డాక్టరు దగ్గరికి ఎందుకు పోరు?’’ అంటే, గౌలిపురా ఆవిడ టక్కున చెప్పింది. ‘‘దర్గాకు పోతే ఎవరూ ఏమనరక్కా. ఎర్రగడ్డకు పోయిందంటే పిల్లకు పెళ్లయితదా?’’

అదీ అసలు దయ్యం! ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు మన ఊళ్లో తిట్టుగా మారిపోయింది. ‘ఎర్రగడ్డకు పంపాలి నిన్ను’ అని ఇంట్లో మనమే సరదాకి అంటాం. రేపు నిజంగా అవసరం పడితే ఆ సరదామాటే గడపకు అడ్డం పడుతుంది.

‘మసూద’ రావడానికి నెల ముందే, 2022 అక్టోబరు 10న, కేంద్రప్రభుత్వం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కు ఫోన్ చేస్తే డబ్బులక్కర్లేదు, వేళాపాళా లేదు. తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఉర్దూలోనూ మాట్లాడొచ్చు. పదిమందిలో ఈ నంబరు తెలిసినవాళ్లు ఇద్దరే. మిగతా ఎనిమిదిమందీ అడిగి రాసుకున్నారు. ఆపా అయితే గోడమీద క్యాలెండరు మీదే రాశారు, పాల లెక్క పక్కన.

నీలానికి అదృష్టం బాగుండి గోపి తలుపు తీశాడు. కథ కాబట్టి తీశాడు. మన గల్లీలో ఒంటరిగా పిల్లను పెంచుకునే ఆడమనిషి ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఆమె అర్ధరాత్రి వచ్చి తలుపు కొడితే, ముందు ‘ఎవరేమనుకుంటారో’ అని కాకుండా, ‘ఏమైందమ్మా’ అని అడిగే ఇల్లు మీదైతే ఎంత బాగుంటుంది! ఆ మాట ఆమెకు పగటిపూటే చెప్పి ఉంచండి. అవసరం పడ్డ రాత్రి వెతుక్కోకుండా ఉంటుంది.