నీరు మోసిన బరువు నేల మోయాలంటే

పెద్ద కట్టడాలను చోటు మార్చడం పల్నాడుకు కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్ళు లోయను ముంచకముందే, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు సాగాయి. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైన కొన్నింటిని విప్పి నాగార్జునకొండ మీదా, మాచర్ల వైపు అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. ఇటుక కట్టడాన్ని అలా విప్పి పేర్చవచ్చు. ఉక్కు నౌకను కోసి అతికిస్తే మిగిలేది పాత నౌక కాదు. దాన్ని ఉన్నదున్నట్టే తరలించాలి.

విశాఖపట్నంలో ఐ.ఎన్.ఎస్. కురుసురాకు అదే జరిగింది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. నీటిపై తేలేటప్పుడు దాని బరువు సుమారు 1,950 టన్నులు. లోపల మూడు డీజిల్ ఇంజన్లు, పైకి తేలినప్పుడు అవి ఛార్జి చేసే బ్యాటరీలు, 75 మంది సిబ్బంది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. మొత్తం 31 ఏళ్ళ సేవ ముగించుకుని 2001 ఫిబ్రవరి 27న విరమించింది.

దాన్ని రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలపాలనుకున్నారు. సముద్రంలో ఉన్నంతవరకు కష్టం లేదు. తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టిన నౌకను నీరే మోస్తుంది, టగ్‌బోటు లాగితే కదులుతుంది. కానీ కురుసురా అడుగుభాగం నీటిలో ఆరు మీటర్ల దాకా దిగి ఉంటుంది. తీరం దగ్గర ప్రతి 50 మీటర్లకూ ఒక మీటరు చొప్పున లోతు తగ్గుతుందనుకుంటే, గట్టు ఇంకా 300 మీటర్ల దూరంలో ఉండగానే అడుగు ఇసుకను తాకుతుంది. అక్కడి నుంచి నీటి సాయం తగ్గుతూ పోతుంది, ఇసుక రాపిడి పెరుగుతూ పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. 250 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకు సుమారు 25 కిలోల ఒత్తిడిని ఈ జలాంతర్గామి పొట్ట తట్టుకోగలదు. ఆ ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది కాబట్టే గుండ్రటి ఉక్కు దాన్ని మోస్తుంది. నేల మీద మాత్రం మొత్తం భారం అడుగున కొన్ని చోట్లే పడుతుంది. అందుకే కింది ఆధారం పొట్ట వంపుకు తగ్గట్టు ఉండాలి, బరువును పొడవునా పంచాలి. ఇన్ని చిక్కులనూ దాటుకుని ఒడ్డుకు చేరిన కురుసురా ప్రదర్శనశాలను 2002 ఆగస్టు 9న ప్రారంభించారు.

ఒడ్డు ఎక్కడానికే పుట్టిన నౌకలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులను తీరానికి దించిన ల్యాండింగ్ క్రాఫ్ట్‌కు అడుగు చదునుగా ఉంటుంది, ముందువైపు తలుపు వంతెనలా కిందికి వాలుతుంది. 1944 జూన్‌లో నార్మండీకి ట్యాంకులు మోసిన ఎల్.సి.టి. 7074 తరువాత లివర్‌పూల్‌లో నైట్‌క్లబ్ అయింది, చివరికి బర్కెన్‌హెడ్ రేవులో మునిగింది. 2014లో పైకి తీసి బాగుచేశారు. 2020లో దాదాపు 300 టన్నుల ఆ నౌకను పోర్ట్స్‌మత్‌లో బార్జి మీద తీరానికి తెచ్చి, చక్రాల వరసలున్న వాహనాలపై మ్యూజియానికి చేర్చారు. ఒక్కో చక్రం మీద పడే భారం తగ్గితేనే రోడ్డు తట్టుకుంటుంది.

విశాఖ బీచ్ రోడ్డులో కురుసురాకు ఎదురుగా ఉన్న టి.యు.-142 విమానానిది మరో దారి. 2017లో విశాఖ దాకా ఎగిరివచ్చాక దాన్ని విడదీసి, ముక్కలుగా రోడ్డు మీద తెచ్చి బిగించారు. విమానం అనుపు కట్టడాల దారిన వచ్చింది, జలాంతర్గామి నిండు ఒంటితో వచ్చింది. ఈసారి బీచ్‌కి వెళ్తే టార్పెడో గొట్టాలు చూడడానికి మెట్లెక్కే ముందు, కురుసురా పొట్ట కింద ఆధారాన్ని కాసేపు చూడండి. ఒకప్పుడు సముద్రం చేసిన పని ఇప్పుడు చేస్తున్నది అదే.