చిటికెన వేలే సాక్షి!

నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో మధ్యాహ్నం పూట చాలా ఇళ్ల అరుగుల మీద ఇదే దృశ్యం... ఒళ్లో చాట, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. అంటే, వేళ్లు అదే పని వెయ్యిసార్లు చేయాలన్నమాట!

ఏళ్ల తరబడి ఇలా చేసేవారిలో కొందరికి అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి, సూదులు గుచ్చినట్లై మెలకువ వస్తుంది. విదిలిస్తే కాస్త నయం. రక్తం తక్కువైందనుకుని టానిక్కు తాగేవారే ఎక్కువ. నిజానికి మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలుగుతుంటుంది. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటే అదే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా చిటికెన వేలు సాధారణంగా బాగానే ఉంటుంది. దాని నరం వేరు మరి!

పని మానేయమని చెప్పడం తేలికే. ఆ కూలితోనే ఇల్లు గడవాలిగా! కత్తెరకు పదును పెట్టిస్తే వేళ్లకు బలం తక్కువ పడుతుంది. మధ్యమధ్యలో చాట దించాలి. రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి హాయిగా నిద్రపడుతుంది. మధుమేహం, థైరాయిడ్ పరీక్షలూ చేయించుకోవాలి. బొటనవేలి మొదట్లో కండ కరుగుతున్నా, వస్తువులు చేజారుతున్నా ఆలస్యం వద్దు. చిన్న ఆపరేషన్‌తో నరంపై ఒత్తిడి తీసేస్తారు. కండ పూర్తిగా కరిగాక చేయిస్తే మాత్రం పాత పట్టు తిరిగి రావడం కష్టం.