షట్టరు దించినా తెరిచే ఉన్న కొట్టు

విజయవాడ వన్‌టౌన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటితే షట్టర్లు దిగే చప్పుడు వీధి పొడవునా వినిపిస్తుంది. నాకు బాగా తెలిసిన ఒక హోల్‌సేల్ కొట్టులో ఆ వేళ జరిగే తతంగం ముప్ఫై ఏళ్లుగా మారలేదు. గల్లాపెట్టెకి తాళం, దేవుడి పటానికి దండం, షట్టరుకి రెండు తాళంకప్పలు. షావుకారు గారు వంగి ఒక్కోదాన్నీ మూడేసి సార్లు లాగి చూస్తారు. గోడౌన్ తాళాలు మూడు జతలు. ఏ జత ఎవరి దగ్గరుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఇప్పుడు ఆ తతంగానికి ఇంకొకటి తోడైంది. స్కూటర్ ఎక్కే ముందు ఫోన్ తీసి, "అమ్మా, సిస్టమ్ ఆన్‌లో పెట్టే వచ్చా" అంటారు. అవతల తెనాలిలో ఆయన లెక్కలు చూసే అమ్మాయి. "సరే బాబాయ్ గారూ, పిల్లాడు పడుకోగానే కూర్చుంటా" అంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వేరే దారిలేక చేసుకున్న ఏర్పాటిది. ఆ తర్వాత ఆమె కొట్టుకి తిరిగి రాలేదు, పని మాత్రం ఒక్క నెలా ఆగలేదు. 11వ తారీఖులోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బి, ఈ జీఎస్టీ రిటర్నులు రెండూ వెళ్లిపోతూనే ఉన్నాయి. ఊరు మారితే, ఒళ్లో బిడ్డ ఉంటే ఉద్యోగం వదులుకోవడమే అనుకునే చోట, ఒక చిన్న కొట్టు ఒక అమ్మాయి జీతాన్ని నిలబెట్టింది. అందుకే ఈ ఏర్పాటు పదికాలాలు నిలవాలని నా ఆశ. నిలవాలంటే కంప్యూటర్ తాళాలకీ లెక్క ఉండాలి.

ఆ తాళంచెవులు ఎవరి దగ్గర?

ఒక మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఆయన పక్కన కూర్చుని అదే అడిగాను. మానిటర్ కింది అంచున అంటించిన కాగితం మీద, దూరం నుంచి ఈ కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్ నంబరుంది. దాని పాస్‌వర్డ్ గోడ క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క పక్కనే రాసి ఉంది. ఎవరెవరికి ఇచ్చారు? తెనాలి అమ్మాయికి, ఆడిటర్ గారి ఆఫీసులో కుర్రాడికి, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీకి సర్వీసు చేసే అతనికి. ఒకసారి ప్రింటర్ పనిచేయకపోతే దాన్ని బాగుచేసిన మనిషికి. కాసేపు ఆగి, "రెండేళ్ల కిందట మానేసిన అబ్బాయికి కూడా తెలుసు" అన్నారు. ఆ మాట అన్నాక చాలాసేపు క్యాలెండర్ వంకే చూశారు.

టాలీలోకీ అందరూ ఒకే పేరుతో వెళతారు. కిందటేడు ఒక పాత బిల్లులో మొత్తం మారిపోయింది. మార్చిందెవరో తేలలేదు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, అందరినీ ఒక్కో మాట అడిగారంతే. "నేను కాదు బాబాయ్ గారూ" అని చెప్పడానికి ఆ అమ్మాయి దగ్గర తన మాట తప్ప వేరే రుజువు లేదు. ఆ రాత్రి ఆమె ఫోన్‌లో ఏడ్చిందని ఆయనే నాతో చెప్పారు. ఉమ్మడి పాస్‌వర్డ్ వల్ల దొంగ దొరకకపోవడం ఒక ఎత్తు, నిజాయితీగా పనిచేసే మనిషి అనుమానంలో పడటం ఇంకో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ బాధ. మనిషికో పేరు, పేరుకో పాస్‌వర్డ్ పెడితే నమ్మకం తగ్గినట్టు అనుకుంటారు చాలామంది. నిజానికి అది పనిచేసేవాళ్లకి రక్ష.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలన్నది చట్టం. సొంత కొట్లకి ఆ నిబంధన వర్తించదు. అయినా టాలీలో మనుషులకి వేర్వేరు పేర్లు పెట్టుకోవచ్చు, బిల్లులు కొట్టే కుర్రాడికి పాత లెక్కలు కనబడకుండా చేయవచ్చు. విండోస్‌లోనూ అంతే. రోజూ పనిచేసుకునే పేరుకి అడ్మిన్ అధికారం అక్కర్లేదు, అది వేరే పేరు మీద ఉండాలి. ఆ పాస్‌వర్డ్‌ని కవరులో పెట్టి అంటించి బీరువాలో దాచుకుంటే సరిపోతుంది.

దూరం నుంచి తెరిచే తలుపు

ఎనీడెస్క్ లాంటివి చెడ్డవి కావు. బ్యాంకు వాళ్లమంటూ ఫోన్ చేసి దీన్నే ఫోన్‌లో వేయించి డబ్బు లాగేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. అక్కడ మోసం ఫోన్ చేసినవాడిది. కొట్టులో మనిషి లేకపోయినా బయటివాళ్లు లోపలికి వచ్చేలా పెట్టుకున్నప్పుడు మాత్రం పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. ఫలానా నంబర్ల నుంచే రానివ్వమని అందులోనే చెప్పవచ్చు, ఫోన్‌లో వచ్చే రెండో కోడ్ కూడా అడిగేలా పెట్టవచ్చు.

నాకు అంతకంటే భయం రౌటర్‌లో తెరిచి వదిలేసే 3389 పోర్టు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేది దాన్నే. సులువుగా ఉంటుందని సర్వీసు చేసేవాళ్లు తెరిచిపెడతారు. అలాంటి తలుపుల కోసం ఇంటర్నెట్ అంతా రాత్రీపగలూ వెతికే ప్రోగ్రాములున్నాయి. వాటికి వన్‌టౌన్ కొట్టైనా పెద్ద బ్యాంకైనా ఒకటే. విపిఎన్ అనే సొంత దారి వెనక పెట్టుకుంటే ఆ తలుపు బయటికి కనబడదు.

అప్‌డేట్ వాయిదా వేస్తే ఏమవుతుందో 2017లోనే చూశాం. మార్చి 14న మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది, వేసుకోని కంప్యూటర్లను మే 12న ఫైళ్లకి తాళం వేసే వన్నాక్రై వైరస్ పట్టుకుంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ అందులో చిక్కుకున్నాయి. అప్పుడు బయటపడ్డవాళ్లలో వేరేచోట బ్యాకప్ దాచుకున్నవాళ్లు చాలామంది. హార్డ్‌డిస్క్ కొని దాన్ని కంప్యూటర్‌కే ఎప్పుడూ తగిలించి ఉంచితే, లోపలికొచ్చిన వైరస్ దానికీ తాళం వేసేస్తుంది. కాపీ తీశాక పీకి ఇంటికి తీసుకెళ్లాలి. ఇన్ని చేసినా ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే, తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

ఆ మధ్యాహ్నం తర్వాత షావుకారు గారు ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నారు. పేరు, దేనికి అనుమతి, ఏ రోజు ఇచ్చారు, ఏ రోజు తీసేశారు అని గీతలు గీయించారు. రాస్తుంటే ఒకటి బయటపడింది. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు ఇప్పటికీ ఆ మానేసిన అబ్బాయిదే. ఎప్పుడైనా పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ అతని ఫోన్‌కే వెళుతుంది. అతను నంబరు మార్చేసి ఉంటే కాగితాలు పట్టుకుని అధికారి దగ్గరికి తిరగాలి.

ఆయన ఆ అబ్బాయికి ఫోన్ చేశారు. మర్నాడు సాయంత్రం ఆటోనగర్‌లో డ్యూటీ దిగి అతను కొట్టుకి వచ్చాడు. "మీ ఓటీపీలు ఇంకా నాకే వస్తాయేమోనని నాకూ భయంగానే ఉండేది సార్" అన్నాడు. ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని నంబరు మార్చారు. కోడ్ ఈసారి షావుకారు గారి ఫోన్‌లో మోగింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, నోట్‌బుక్‌లో అబ్బాయి పేరు పక్కన ఆ రోజు తారీఖు వేసి, టీ తెప్పించారు.