బమ్రోలి సాంచాలకు మన బోర్డు ఎప్పుడు?

సూరత్‌లో పాండేసరాకు ఆనుకుని ఉంటుంది బమ్రోలి. సిరిసిల్ల నుంచి వచ్చిన నేను ఇక్కడ మొదట సాంచాలు (మరమగ్గాలు) నడిపాను. ఇప్పుడు వాటిని బాగుచేస్తున్నాను.

పాత సాంచాలో నాడె అటూ ఇటూ పరుగెత్తి నిమిషానికి 150 పేకలు వేస్తే గొప్ప. కొత్త వాటర్‌జెట్ సాంచాలో నాడే ఉండదు. సన్నటి నీటి ధార పేక పోగును పడుగు మధ్య నుంచి లాక్కుపోతుంది, నిమిషానికి 600 పైనే. పాలిస్టర్ నీళ్లు పీల్చదు కాబట్టి సూరత్ చీరల గుడ్డకు ఇది బాగా కుదిరింది. అయితే ఈ యంత్రాలు ఎక్కువగా చైనా, జపాన్‌ల నుంచే రావాలి.

పాత సాంచాలో ఏది అరిగినా వీధి చివరి లేత్ మీద చేయించుకునేవాళ్లం. కొత్తదాంట్లో కంట్రోల్ బోర్డు కాలితే చైనా అక్షరాల్లో ఏదో మెరిసి యంత్రం ఆగిపోతుంది. అలా ఒకసారి ఆగినప్పుడు బాగుచేసే చైనా ఇంజినీరుకు వీసా దొరకలేదు. 2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనావాళ్లకు వీసాలు బిగించారు. మన జవాన్లు ప్రాణాలిచ్చాక ఆ కట్టడి న్యాయమేనని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు ఆగిన సాంచా ముందు ఖాళీగా కూర్చుంటే నా కడుపు మండింది.

ఇక్కడ వీసా బిగించింది మనమే అయినా, యంత్రం ఉన్నవాడు లేనివాణ్ని ఆపడం పాత అలవాటే. బ్రిటన్ 1843 దాకా జౌళి యంత్రాల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. జపాన్ మాత్రం చూస్తూ కూర్చోలేదు. సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం హక్కుల్ని 1929లో ఇంగ్లండ్ కంపెనీయే డబ్బిచ్చి కొనుక్కుంది.

మనకు చేతకాదంటే ఒప్పుకోను. కోయంబత్తూరులో 1962లో పుట్టిన లక్ష్మీ మెషీన్ వర్క్స్ నూలు వడికే యంత్రాలు చేస్తోంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చీరకు చేత్తో పోగులు చుట్టి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. మా కులపోడని ఎంత పొంగిపోయామో!

అదే 1999లో కేంద్రం తెచ్చిన టఫ్స్ పథకం జౌళి యంత్రాలు కొనేవాళ్లకు వడ్డీ భారం తగ్గించింది. మంచి పనే. కొనేవాడికి అందిన ఆ ఆసరా తయారుచేసేవాడికీ గట్టిగా అందాలి. సిరిసిల్లలో, సూరత్‌లో ఐటీఐలు నడిపే పెద్దలకు నా విన్నపం ఒక్కటే: మా పిల్లలకు ఫిట్టర్ పనితో పాటు కంట్రోల్ బోర్డు విప్పడం, బాగుచేయడం, కొత్తది కట్టడం కూడా నేర్పండి.