చేపలకు కొమ్మల గూడు

క్రిస్మస్ అయిపోయాక అమెరికాలో ఆ చెట్లు ఏమవుతాయో పాఠకులకు తెలుసా? చాలాచోట్ల వాటికి సిమెంటు దిమ్మెలు కట్టి సరస్సుల అడుగుకు దించుతారు. క్రాపీ అనే చేప ఆ కొమ్మల్లోకి గుంపులుగా చేరుతుంది. బంగ్లాదేశ్, అస్సాం జాలరులకు కూడా ఇది తెలిసిన పనే.

మా పర్ణశాల వైపు వారు మాత్రం గోదావరిలో వేయకండి. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన నీటికి కొమ్మ ఒక లెక్కా? ఊరి చెరువే తగినది. సొసైటీవారిని ముందుగా అడగాలి.

మేము మొదటిసారి పచ్చి కొమ్మలు ఆకులతోనే వేశాము. ఆకు కుళ్ళి నీటిలో ప్రాణవాయువు తగ్గింది. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి, కొన్ని చచ్చాయి. పక్కింటివారు మాతో మాట మానేశారు.

మరుసటి వేసవిలో నీరు తగ్గాక, ఆకు రాలిన చింత, తుమ్మ కొమ్మలను కట్టలు కట్టి రాళ్ళు బిగించాము. (వెదురు తేలుతుంది, దానికి బరువు ఎక్కువ కావాలి.) కొమ్మలకు పాచి పడుతుంది, పాచిలో పురుగులు, వాటికోసం చేపపిల్లలు, ఆ పిల్లలకోసం కొర్రమీను. పిల్లలు ఈదే రేవుకు దూరంగా వేసి, గుర్తుగా గెడ పాతండి. లేకుంటే వలలు చిరుగుతాయి, తిట్లు మీకే.

కట్ట చుట్టూ సన్నకన్ను వల తిప్పితే పిల్లలతో సహా ఊడ్చుకుపోతుంది. మేము గాలమే వేస్తాము. మొన్న పడిన జెల్లల పులుసు పక్కింటికి ఒక గిన్నె పంపాము. గిన్నెనిండా మామిడికాయలు వచ్చాయి.